నా నంబరు కింద

వేడినీళ్ల పళ్లెంలో తెల్లటి ప్లాస్టిక్ రేకు మెత్తబడి అద్దంలా అయింది. శివలీల దాన్ని పట్టకారుతో ఎత్తి తువ్వాలు మీద పరిచి తడి అద్దింది. ముందు తన ముంజేతి మీద ఆనించి చూసుకుంది. చురుక్కుమనలేదు. అప్పుడు తిమ్మయ్య మోచేతిని దిండు మీద పెట్టించి, రేకును అతని ముంజేతి వెనకవైపు నుంచి వేళ్ల కొసల దాకా పరిచి, రెండు చేతులతో మెల్లగా అదిమి పట్టుకుంది.

"మణికట్టు ఇట్లే వంచి పెట్టుకో అన్నా. గట్టిపడేదాక కదపాకు."

"కదపల్యా," అన్నాడు తిమ్మయ్య. అతని భార్య రామలక్ష్మమ్మ బల్ల పక్కన నిలబడి, తనకెవరో పని నేర్పిస్తున్నట్టు కన్నార్పకుండా చూస్తోంది.

తిమ్మయ్య బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే పనిలో ఉన్నాడు. పద్దెనిమిది రోజుల కింద రాయి జారి కుడి అరచెయ్యి అడ్డంగా తెగింది. ఉంగరం వేలునీ, చిటికెన వేలునీ లాగే తాళ్లు రెండూ తెగిపోయాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో అతుకులేసిన డాక్టరు, చేతిని మళ్లీ పనికి తెచ్చే చదువు చదివినవాళ్లు ఉంటారు, ఆక్యుపేషనల్ థెరపీ అంటారు, వాళ్ల దగ్గరికి పొమ్మన్నాడు. ఆ బోర్డు చూసుకుని వీళ్లిద్దరూ కర్నూల్లోనే సి క్యాంపులో ఉన్న ఈ సెంటరుకు వచ్చారు. వాపు తగ్గి పాత పట్టీ వదులైంది. అందుకని శివలీల కొత్తది చేస్తోంది.

రేకు చల్లారాక తీసి, అంచులు కత్తిరించి, గరుకు తగలకుండా వేలితో తడిమి చూసి, బిగించి కట్టే బద్దీలు అతికించింది.

"ఎడం చేత్తో ఈ వేళ్లను లోపలికి వంచల్ల. మళ్లీ అవంతట అవే పైకి లేయల్ల, ఈ రేకు తగిలేదాక. అంతే. ఈ చేత్తో దేన్నీ పట్టుకోగూడదు. గ్లాసు గూడా."

"పిడికిలి పట్టేది ఎప్పుడు మేడం?"

"ఇంకా మూడు వారాలు పోనీ. నీ చేతిలో అతుకు ఇప్పుడు పచ్చి గోడ మాదిరి ఉండాది. పచ్చి గోడకు ఆనుకుంటే ఏమైతాది?"

"పడతాది," అంది రామలక్ష్మమ్మ, భర్త కంటే ముందు.

శివలీల నవ్వి కేసు కాగితం మీద ఆ రోజు చేసిందంతా రాసింది. కింద సంతకం చోటు ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీలో సాయంత్రం మహిమ రబ్బరు స్టాంపు వేస్తుంది. మధులత, ఆక్యుపేషనల్ థెరపిస్టు, కింద రిజిస్ట్రేషన్ నంబరు. మధులత అనే మనిషిని శివలీల ఇంతవరకు చూడలేదు. వరండా గోడమీద అద్దం బిగించిన సర్టిఫికెట్‌లోని ఫొటోలో మాత్రం రోజూ చూస్తుంది.

రిజిస్టరులో పేరెక్కని వాళ్లు రోగి చెయ్యి పట్టుకోకూడదు. నంబరున్నవాళ్లు పక్కనుండి చూస్తుంటే తప్ప. ఆ సంగతి చదువుకునేటప్పుడే వాళ్లకు పదేపదే చెప్పారు. ఇక్కడ పక్కనుండి చూసేది ఆ ఫొటోనే. నాలుగు నెలల కింద చేరిన రోజున యజమాని భూపేష్ ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టాడు. "నీ రిజిస్ట్రేషన్ సంగతి మా ఆఫీసే చూసుకుంటాదిలేమ్మా" అన్నాడు. కంప్యూటరు ముందు కూర్చునే మహిమ దరఖాస్తు నింపింది. ఫోన్ నంబరు, మెయిలు అన్నీ ఆఫీసువే ఇచ్చింది. ఆ రోజు శివలీలకు అది ఉపకారంగానే తోచింది.

ప్రతి సోమవారం అడిగినట్టే ఈ సోమవారమూ అడిగింది. "నాది వచ్చిందా అక్కా?"

"పరిశీలనలో ఉండాది," అంది మహిమ. కంప్యూటరు వైపు చూడకుండానే అంది.

భూపేష్ అప్పుడే లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో కారు తాళాలు. అతనికి కర్నూల్లో ఒకటి, కడపలో ఒకటి, నందికొట్కూరులో ఒకటి, మూడు సెంటర్లు. గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు.

"ఏమప్పా తిమ్మయ్యా, ఏ ఊరు మీది?"

తిమ్మయ్య ఊరి పేరు చెప్పాడు. నందికొట్కూరుకు ఐదు కిలోమీటర్లు.

"మరి ఇంత ఎండలో ఈడికి ఎందుకు తిరుగుతాండారు? నందికొట్కూరులో మన బ్రాంచే ఉండాది గదా. ఎల్లుండి నుంచి ఆడికే పోండి."

శివలీల కత్తెర కింద పెట్టింది. "సార్, ఈ చేతిని ఇంకా మూడు వారాలు నేనే చూడాల. కొత్తవాళ్లు పట్టుకుంటే అతుకు..."

"ఆడుండేది గూడా నంబరున్న వాళ్లేనమ్మా," అన్నాడు భూపేష్ మెత్తగా. "నీకింకా నంబరే రాలేదు గదా."

ఆమె మొహం వేడెక్కింది. రామలక్ష్మమ్మ ఆమె వైపూ అతని వైపూ చూసింది. శివలీల ఏదో అనబోయి ఊరుకుంది. పట్టీ ఇంకోసారి సరిచేసి, "పట్టీ ఎవరు తియ్యమన్నా తియ్యాకన్నా," అని మాత్రం చెప్పింది.

వాళ్లు వెళ్లాక భూపేష్ ఆమెను తన గదిలోకి పిలిచాడు. శుక్రవారం, ఈ నంబర్లిచ్చే కౌన్సిల్ నుంచి అన్ని సెంటర్లకూ తనిఖీకి వస్తున్నారట. ఎవరు పని చేస్తున్నారు, ఎవరికి నంబరుంది, అన్నీ చూస్తారట.

"నువ్వు గురు, శుక్రవారాలు సెలవు పెట్టుకో. ఊరికి పోయి మీ నాయనను చూసిరా. పోయి శానా దినాలయింది గదా."

"చీటీ రాసియ్యాలా సార్?"

"రాసియ్యి. ఏ బ్రాంచి అని మాత్రం రాయాకు. సెలవు కావాలని రాసి, పేరు రాసి సంతకం పెట్టు. చాలు."

ఆమె రాసి ఇచ్చింది. అతను దాన్ని ఒకసారి చదివి, నాలుగుగా మడిచి, పర్సులో కాకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

*

మంగళవారం మధ్యాహ్నం శివాని ఫోన్ చేసింది. కాలేజీలో శివలీల పక్క బెంచీ. కడపలో ఒక ఆసుపత్రిలో చేరింది.

"నాది వచ్చిందే. ఇరవై రెండు దినాలకే వచ్చింది. నీది నాకంటే ముందు పెట్టినారు గదా. ఇంకా రాకుండా ఎట్లుంటాది?"

"పరిశీలనలో ఉండాదంట."

"ఎవరో చెప్తే వినేదేంది, నువ్వే చూసుకో. దరఖాస్తు నంబరు కొడితే కనపడతాది."

దరఖాస్తు నంబరు తన దగ్గర లేదు. ఆ మాట శివానితో చెప్పడానికి సిగ్గేసింది. ఫోన్ పెట్టేసి మహిమ దగ్గరికి వెళ్లి అడిగింది. మహిమ డబ్బా తెరుచుకుని అన్నం కలుపుకుంటోంది. ముద్ద చేతిలోనే ఆగింది.

"అది సారు దగ్గరుండాది."

"నువ్వే గదక్కా నింపింది. మెయిల్లో ఉంటాది గదా."

"మెయిలు సారు ఫోన్లోనే తెరుచుకుంటాది ఇప్పుడు." మహిమ ముద్దను తిరిగి డబ్బాలో పెట్టింది.  "చెనిక్కాయల పొడి ఉండాది, తింటావా?"

"వద్దక్కా."

"ఊరికి పోతాండావంట గదా. పోయిరా పాపా. శనివారం దాక ఈడుండాకు."

పిల్లను బడికి పంపేటప్పుడు జాగ్రత్త చెప్పినట్టు చెప్పింది. ఆ మాటలో ప్రేమ ఉంది. అయినా శివలీల ఆ మధ్యాహ్నం వచ్చిన పక్షవాతం ముసలాయనకు బొత్తాలు పెట్టుకోవడం నేర్పిస్తూ రెండుసార్లు తప్పు రంధ్రం చూపించింది.

*

బుధవారం సాయంత్రం హాస్టల్లో బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది.

"పాపా, నేను రామలక్ష్మమ్మను." గొంతు మామూలుగానే ఉంది, కాకపోతే ఊపిరి ఎక్కువగా వినిపిస్తోంది. "పొద్దున నందికొట్కూరుకు పోయినాం. చేతిలో బంతి పెట్టి పిసకమన్నారు. ముప్పైసార్లు పిసకల్లంట. ఇరవై అయినాయో లేదో, లోపల టప్పుమనింది. నాగ్గూడా వినపడింది."

శివలీల తడి దుప్పటి బకెట్లో వదిలేసింది. "పట్టీ?"

"పట్టీ తీసేసినారు. నువ్వు తియ్యొద్దన్యావని ఈయన చెప్పినాడు. ఫరవాల్యా అన్నారు."

"వదినా, ఒక పని చెయ్యి. ఉంగరం వేలు నడిమి గణుపు నువ్వు పట్టుకో. కొస వంచమను అన్నను. వంగుతాందా?"

అవతల తిమ్మయ్య ఏదో అన్నాడు. ఆమె "ఇంకోసారి" అంది. 

"వంగల్యా పాపా. ఈయన వంచుతానే ఉండానంటాడు. వేలు వినల్యా."

"చిటికెన వేలు?"

"అది కొంచెం వంగుతాంది."

"నేను చేసిన పట్టీనే మళ్లీ కట్టండి. చెయ్యి ఎత్తులో పెట్టుకోమను. రేపు పొద్దున ఆ బ్రాంచి దగ్గరికే రాండి. నేనూ వస్తా."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు దండెం కిందే నిలబడింది. సోమవారం కత్తెర కింద పెట్టి నోరు మూసుకున్న క్షణమే మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది.

*

సెలవు రోజున ఊరి బస్సెక్కకుండా నందికొట్కూరు బస్సెక్కింది. గార్గేయపురం చెరువు అడుగు కనిపిస్తోంది. నెర్రెలిచ్చిన బురద మీద గొర్రెలు నిలబడి ఉన్నాయి. దారి పొడుగునా ఆమె ఒక్కటే అనుకుంది. అక్కడ మధులత ఉంటే అడగాలి. నంబరుండి ఇట్లెట్ల చేసినావని అడగాలి.

బ్రాంచి ఎరువుల అంగడి మీద మేడలో ఉంది. మెట్ల దాకా యూరియా వాసన. తలుపు తీసే ఉంది. లోపల నలభై ఏళ్ల మనిషి, కండలు తిరిగిన చేతులు, బనియన్ మీద తెల్లకోటు, బల్ల తుడుస్తున్నాడు. అడుగుల చప్పుడుకు తిరిగి చూసి, గుడ్డ పక్కన పడేసి నిటారుగా నిలబడ్డాడు.

"మీరా మేడం. చెప్పకుండా వచ్చినారే. రాండి, కూర్చోండి."

శివలీల ఆగిపోయింది. ఈ మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు. "నేనెవరో మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు మేడం. దినామూ చూస్తాండాం గదా." అతను నవ్వుతూ తల తిప్పి గోడవైపు చూపించాడు.

గోడమీద అద్దం బిగించిన సర్టిఫికెట్. అందులో ఫొటో తనది. కాలేజీ చివరి ఏడు, స్నేహితురాలి కోటు అడిగి తొడుక్కుని తీయించుకున్న ఫొటో. కింద తన పేరు, తండ్రి పేరు కంబన్న, డిగ్రీ, ఆక్యుపేషనల్ థెరపిస్టుగా నమోదు చేసుకున్నట్టు రెండు వాక్యాలు. ఎర్ర అంకెల్లో నంబరు. తేదీ చూసింది. రెండు నెలల పదిహేడు రోజుల కిందటిది. సెలవు చీటీలో బ్రాంచి పేరు రాయొద్దన్నది తనిఖీవాళ్లకు ఇక్కడ చూపించడానికేనని అప్పుడు అర్థమైంది.

ఆ కాగితం వచ్చిన రోజున ఏం చేయాలో ఆమె ఎన్నోసార్లు అనుకుంది. నాయనకు ఫోన్ చేయాలనుకుంది. ఇప్పుడు ఏమీ తోచలేదు. అద్దం మీద ఈగ ఒకటి పాకుతుంటే దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"నేను సుధీర్ మేడం. ముందర జిమ్ము నడిపినా. సారు మూడు వారాలు నేర్పిచ్చినాడు. మీరు నెలకొకసారి వచ్చి చూసుకుంటారని చెప్పినాడు."

"నిన్న తిమ్మయ్య అనే ఆయన వచ్చినాడా?"

"ఆ, చెయ్యి శానా బిగుసుకోని ఉంటే వదులు చేసినా. బంతి పిసకనిచ్చినా. మంచిగానే చేసినాడు, కడాన కొంచెం నొప్పన్నాడు." అతను దాచుకునే మనిషిలా లేడు. బల్ల సొరుగు లాగి కేసు కాగితం తీసి ఇచ్చాడు. పిడికిలి బిగింపు, ముప్పై సార్లు. కింద ఊదారంగు స్టాంపు. శివలీల, ఆక్యుపేషనల్ థెరపిస్టు. నంబరు.

"ఆ చేతిలో అతుకు తెగిపోయింది," అంది శివలీల.

సుధీర్ మొహంలో నవ్వు వెంటనే పోలేదు. మెల్లగా పోయింది. తన చేతుల వైపు చూసుకున్నాడు. "మేడం, నాకు ఎవురూ చెప్పల్యా," అన్నాడు.

"ఈ కాయితం నేను తీసుకుపోతాండా."

అతను అడ్డు చెప్పలేదు. ఆమె మెట్లు దిగుతుంటే పైన ఫోన్ నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

కింద ఎరువుల అంగడి అరుగు మీద తిమ్మయ్య, రామలక్ష్మమ్మ కూర్చుని ఉన్నారు. తిమ్మయ్య చెయ్యి పట్టీతో సహా తువ్వాలులో చుట్టి మెడకు కట్టుకుని ఉంది. శివలీల అతని ముందు గొంతుక్కూర్చుని తువ్వాలూ పట్టీ విప్పి, వేళ్లు ఒక్కొక్కటీ పట్టి చూసింది. చిటికెన వేలు బలహీనంగా వంగింది. ఉంగరం వేలు ఆమె చేతిలో ఊరికే ఉంది.

"ఎందుకు తియ్యనిచ్చినారన్నా పట్టీ? నేను చెప్పినా గదా."

ఆ మాట అడిగాకే అడగకుండా ఉండాల్సిందని తెలిసింది. తిమ్మయ్య తల వంచుకున్నాడు. రామలక్ష్మమ్మ మాత్రం ఆమె కళ్లలోకి సూటిగా చూసింది.

"ఈయన ఇయ్యనన్నాడు. నేనే ఇయ్యమన్యా. గోడమీద నీ ఫొటో ఉండాది. ఈ పాపదే ఈ ఆసుపత్రి, ఈ పాపే చెప్పింటాదిలే అనుకున్యా. నీ ఫొటో చూసే చెయ్యిచ్చినాం పాపా."

శివలీల పట్టీ కట్టి తువ్వాలు మళ్లీ చుట్టింది. ముడి రెండుసార్లు జారిపోయింది.

*

కర్నూలు బస్సులో ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. బ్రాహ్మణకొట్కూరు దాటేలోపే భూపేష్ ఫోన్ చేశాడు.

"యాడుండావమ్మా?"

"బస్సులో ఉండాను సార్. పేషెంటును పెద్దాసుపత్రికి తీసుకుపోతాండా."

"మంచి పని. తీసుకుపో. నీ నంబరు వచ్చిన సంగతి తనిఖీ అయినాక చెప్పి, కడప బ్రాంచికి నిన్నే ఇన్‌ఛార్జిని చేద్దామనుకున్యా. అంతలోకే ఇట్లయింది." కాసేపు ఆగాడు. పక్కన కారు తలుపు మూసిన చప్పుడైంది. "డాక్టరు అడిగితే ఇంటికాడ జారి పడినాడని చెప్పించు. వాళ్లకు ఏం గావాలో నేను చూసుకుంటా."

శివలీల కేసు కాగితం ఉన్న సంచీని దగ్గరికి లాక్కుంది.

"చూడమ్మా, చెయ్యి పోయింది నీ నంబరు కింద. కాయితాల్లో నేను యాడా ల్యా. నువ్వు నోరు తెరిస్తే ముందు పోయేది నీ రిజిస్ట్రేషనే. మీ నాయన ఎంత కష్టపడి చదివిచ్చినాడో నాకంటే నీకే బాగా తెలుసు. ఒరిజినల్సు గూడా నా బీరువాలోనే ఉండాయి. భయపెడతాండానని అనుకోవాకు. నీ మంచికే చెప్తాండా."

ఫోన్ ఆగిపోయింది.  అతని గొంతు మెత్తనిదే అయినా ఫోన్‌లోంచి రామలక్ష్మమ్మకూ వినిపించి ఉంటుంది. ఒడిలో ఉన్న తిమ్మయ్య చెయ్యి బస్సు కుదుపులకు కదలకుండా కింద తన రెండు అరచేతులూ పెట్టి పట్టుకుంది.

పెద్దాసుపత్రిలో రెండు గంటలు కాచుకున్నాక లోపలికి పిలిచారు. అతుకులేసిన డాక్టరే. నిద్ర చాలని కళ్లు. వేలి కొస పట్టుకుని వంచమన్నాడు, వదిలేశాడు.

"తెగింది. ఎప్పుడు?"

"నిన్న పొద్దున," అంది శివలీల.

"తొందరగానే తెచ్చినారు. రేపు పొద్దున తెరిచి చూస్తా. కొస అందితే మళ్లీ కుడతా. వెనక్కి పోయి ఉంటే రెండు ఆపరేషన్లు పట్టొచ్చు. చిటికెన వేలు నిలబడొచ్చు. ఉంగరం వేలికి ఇప్పుడే మాట ఇయ్యలేను." అని కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. "మొదటిసారి బాగానే వచ్చింది గదా ఈ చెయ్యి. ఏమైంది?"

తిమ్మయ్య శివలీల వైపు చూశాడు. రామలక్ష్మమ్మ కూడా చూసింది. ఏం చెప్పమంటావో అదే చెప్తాం అన్నట్టున్నాయి ఆ చూపులు. ఆమెకు ఆ చూపుల్ని భరించడమే కష్టమైంది.

"పట్టీ తీసి బంతి పిసికిచ్చినారు సార్," అంది.

డాక్టరు కలం ఆగింది. "ఎవరు?"

"ఈ చదువు చదవని మనిషి. నేను ఆడ లేను. నంబరు మాత్రం నాది."

డాక్టరు తిట్టలేదు. అతను తిడితే బాగుండుననిపించింది. తెల్లకాగితం ఒకటి ఆమె ముందుకు జరిపాడు. "ఇట్ల నోటిమాట చాలదమ్మా. ఏ రోజు ఏం జరిగిందో రాసి, పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వేసి సంతకం పెట్టు. కేసు షీటులో పెడతా. రాసినాక వెనక్కి తీసుకునేది ఉండదు. ఆలోచించుకోని రాయి."

ఆమె వరండాలో కిటికీ దిమ్మె మీద కాగితం పెట్టుకుని రాసింది. సోమవారం కొత్త పట్టీ చేసింది రాసింది. అప్పటికి తనకు నంబరు వచ్చిందని తనకు తెలియదని రాసింది. ఇంకో బ్రాంచికి పంపుతుంటే ప్రమాదమని తెలిసి కూడా గట్టిగా అడ్డుపడలేదని రాసింది. ఆ వాక్యం కొట్టేయబోయి ఉంచేసింది. కింద పేరు రాసి సంతకం పెట్టింది. నంబరు దగ్గర కలం నిలిచిపోయింది. తన నంబరు తనకు రాదు. సంచీలోంచి తిమ్మయ్య కేసు కాగితం తీసి, ఊదారంగు స్టాంపు పక్కన వేలు పెట్టుకుని, ఒక్కొక్క అంకె చూసి రాసుకుంది.

కాగితం ఇచ్చి వచ్చేసరికి తిమ్మయ్యకు వార్డులో మంచం ఇచ్చారు. రామలక్ష్మమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది.

"రేపు నువ్వుంటావా పాపా?"

"పొద్దున తనిఖీవాళ్లు సెంటరుకు వస్తారు వదినా. వాళ్లకు గూడా ఇట్లాంటి కాయితమే ఇయ్యాల. ఇచ్చి వస్తా."

"నీ నంబరు తీసేస్తారా?"

"తీసేయొచ్చు."

రామలక్ష్మమ్మ ఓదార్చలేదు.  "మరి కుట్లేసినాక ఈ చెయ్యి ఎవరు చూస్తారు?" అంది.

శివలీల మంచం మీది దుప్పటి తీసి నాలుగు మడతలు వేసి, తిమ్మయ్య మోచేతి కింద పెట్టి, చెయ్యి గుండెకంటే ఎత్తులో ఉండేలా సర్దింది. అది కొంచెం పక్కకు జారింది. ఆమె మళ్లీ ఎత్తబోతుంటే రామలక్ష్మమ్మ లేచి ఆ దుప్పటి ఆమె చేతుల్లోంచి తీసుకుంది.

"చూపించు, నేను పెడతా," అంది.